కాయ మనది, పని కూడా మన ఊరిదే కావాలి



2025 జూన్, జూలై నెలల్ని మనం మరిచిపోకూడదు. మన బంగారుపాళ్యం మామిడి యార్డు దగ్గర, గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. ఎండకు తోతాపురి కాయ మెత్తబడి ట్రాలీ సందుల్లోంచి రసం కారుతుంటే, టోకెన్ జేబులో పెట్టుకుని రైతు రాత్రంతా రోడ్డు పక్కనే పడుకున్నాడు. ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, కలిపి కిలోకు 12 అన్నారు. బయట కాయ కొనే ర్యాంపుల్లో రెండు మూడు రూపాయలకే అడిగిన రోజులున్నాయి.

ఆ దెబ్బ రైతు గడపతో ఆగలేదు. కాయ కోసే కూలీకి తగిలింది, లోడెత్తే మనిషికి తగిలింది, టీ అంగడికి, ఎరువుల దుకాణం అప్పుల పద్దుకు, బట్టల కొట్టుకు తగిలింది. మామిడికి రేటు లేకపోతే మన బజారులో బేరమే ఉండదు.

ఎందుకిలా అయింది? ముందటేడు గుజ్జు అమ్ముడుపోక నిలవ ఉండిపోయింది. ఎర్రసముద్రంలో ఓడల దారి చెడి విదేశీ ఎగుమతులు మందగించాయి. ఎక్కడో సముద్రంలో గొడవైతే మన తోటలో కాయ రాలిపోయింది. ఒకే రకం కాయ, ఒకే సరుకు, కొద్దిమంది కొనుగోలుదారులు: మన బతుకంతా ఆ ఒక్క తీగకే వేలాడుతోంది.

మామిడి కాక వేరే పని చూద్దామంటే, 2022లో చిత్తూరు జిల్లా విడిపోయినప్పుడు శ్రీసిటీ, రేణిగుంట ఎలక్ట్రానిక్స్ కంపెనీలు తిరుపతి జిల్లాలోకి పోయాయి. అలాగని చేతులు ముడుచుకుని కూర్చుందామా? మన మండలంలోని నూనెగుండ్లపల్లెలోనే అమరరాజా బ్యాటరీలు తయారవుతున్నాయి. పల్లెలో పరిశ్రమ నిలబడదని ఇకమీదట ఎవరూ అనలేరు.

మనం పారేసేదాన్నే చూడండి. గుజ్జు తీశాక తొక్క, టెంక మిగులుతాయి. టెంకలోని జీడి నుంచి తీసే కొవ్వు చాక్లెట్లకూ ముఖానికి రాసుకునే క్రీములకూ పోతుంది. తొక్కలోని పెక్టిన్ జామ్‌ను గట్టిపరుస్తుంది. వీటికి పెద్ద యంత్రాలు కావాలి, నిజమే. తాండ్రకూ, ఒరుగులకూ, మామిడి పొడికీ, ఊరగాయకూ అంత పెట్టుబడి అక్కర్లేదు. చిన్న ఆహార యూనిట్లకు కేంద్రం 2020లో తెచ్చిన పథకంలో ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా రాయితీ ఉంది. సంఘాల మహిళలకు మనిషికి 40 వేల దాకా మూల పెట్టుబడి ఇస్తారు. డ్వాక్రా అక్కల్లారా, మీరు లెక్కలు రాయడం నేర్చి పాతికేళ్లు దాటింది. ఆ పథకానికి దరఖాస్తు మీ చేత్తోనే పోవాలి.

రైతులారా, విడివిడిగా ట్రాక్టరు తోలుకెళితే వాళ్లు చెప్పిందే రేటు. ఉత్పత్తిదారుల సంఘంగా కలిసి, కోతకు ముందే రేటు రాయించుకుని సంతకం తీసుకోండి. ఫ్యాక్టరీ యజమానులారా, గేటు లోపల పనికి ముందు మన పిల్లల్ని పిలవండి, రాని పని నేర్పించండి. వ్యాపారులారా, పక్క వీధి తాండ్రను మీ అంగట్లో ముందు వరుసలో పెట్టండి. బెంగళూరులో, చెన్నైలో ఉద్యోగాలు చేసే మన బిడ్డలారా, డబ్బు పంపకపోయినా ఫర్వాలేదు, అక్కడ కొనేవాళ్లను వెతికిపెట్టండి.

పూత రాలి పిందె పడేలోపు ప్రతి పంచాయతీలో రైతులూ కూలీలూ మహిళా సంఘాలూ ఒకచోట కూర్చోవాలి. ఎవరు ఏ పని తలకెత్తుకుంటారో ఆ రోజే పేర్లు రాసుకుని, ఆ కాగితం మీద అందరం సంతకాలు పెడదాం.