లాగ్ బుక్కులోని గంటలు

ప్రవాసాంధ్రుల ఇళ్ళలో పిల్లల ఉద్యోగాలను గురించి సలహా చెప్పే పెద్దలకు కొదవ లేదు. వైద్యం చదివినవారు రెసిడెన్సీ ఎక్కడ చేయాలో, కంప్యూటరు చదివినవారు ఏ కంపెనీలో చేరాలో చెప్పడానికి ప్రతి విందులోను పదిమంది సిద్ధంగా ఉంటారు. మా తమ్ముని కుమార్తె విమానచోదనాన్ని వృత్తిగా ఎంచుకొన్నప్పుడు మాత్రం అందరమూ మౌనం వహించాము. ఆమె వాణిజ్య పైలట్ సర్టిఫికెట్టు, శిక్షకురాలి సర్టిఫికెట్టు సంపాదించుకొని, మూడు ఉద్యోగావకాశాలతో మా ఇంటికి వచ్చి, "పెదనాన్నా, వీటిలో దేనిలో చేరమంటారు?" అని అడిగినప్పుడు ఆ మౌనం ఇక చెల్లలేదు. నేను పైలట్‌ను కాను. విమానపు రెక్కల లెక్కలతో జీవితం గడిపిన ఇంజనీరును. ఆమె కోసం చదివి, అడిగి తెలుసుకొన్నది మన కుటుంబాలలో మరి కొందరికి ఉపకరిస్తుందని వ్రాస్తున్నాను.

ఆమె చేతిలో ఉన్నవి ఇవి. మొదటిది, ఒక చార్టర్ సంస్థలో కింగ్ ఎయిర్ విమానపు కుడి సీటు. రెండవది, ఎండలు కాసే అరిజోనాలో ఒక పెద్ద శిక్షణాలయంలో శిక్షకురాలి పని. మూడవది, మా ఒహాయోలోనే ఒక చిన్న ఊరి విమానాశ్రయంలో, నాలుగైదు సెస్నాలు ఉన్న బడిలో అదే పని. మా తమ్ముని ఓటు వెంటనే కింగ్ ఎయిర్‌కు పడింది. రెండు టర్బోప్రాప్ ఇంజన్లు, తోలు సీట్లు, బంధువులకు పంపడానికి చక్కని ఫొటో. పైగా హైదరాబాదులో మా దూరపు బంధువు కుర్రవాడు రెండు వందల పైచిలుకు గంటలకే ఎయిర్‌బస్ 320లో కో-పైలట్‌గా కూర్చున్నాడు. "మనమ్మాయి ఇంకా బొమ్మ విమానాలలో పాఠాలు చెప్పుకోవాలా?" అన్నది మా తమ్ముని బాధ.

ఈ పోలికలో పొరపాటున్నది. భారతదేశంలో వాణిజ్య పైలట్ లైసెన్సుకు 200 గంటలు చాలును. ఆపైన ఒక విమానరకానికి సంబంధించిన ప్రత్యేక శిక్షణ పొంది, నేరుగా పెద్ద విమానంలో కో-పైలట్ కావచ్చును. ఆ శిక్షణ ఖర్చు చాలావరకు తల్లిదండ్రుల మీదే పడుతుంది. అక్కడ కూడా కెప్టెన్ కావడానికి కావలసిన లైసెన్సుకు 1500 గంటలు ఉండవలసిందే. అమెరికాలో ఆ 1500 గంటల గడప కుడి సీటు దగ్గరే ఎదురవుతుంది. విమానశాస్త్రంలో డిగ్రీ చేసినవారికి 1000, సైన్యంలో పైలట్లుగా పనిచేసినవారికి 750 అని కొన్ని సడలింపులున్నాయి. మా అమ్మాయి డిగ్రీ గణితశాస్త్రంలో. కనుక ఆమెకు ఆ సడలింపు లేదు.

ఈ నియమం పుట్టిన కథ తెలియకుండా ఉద్యోగం ఎంచుకోరాదని నా అభిప్రాయం. 2009 ఫిబ్రవరి 12 రాత్రి, నూవర్క్ నుండి బఫెలోకు వెళ్తున్న కోల్గన్ ఎయిర్ 3407 విమానం దిగబోతూ ఒక ఇంటి మీద కూలింది. విమానంలోని 49 మంది, నేల మీద ఒకరు మరణించారు. చక్రాలు, ఫ్లాపులు దింపుతున్నప్పుడు వేగం తగ్గిపోతున్న సంగతి పైలట్లు గమనించలేదు. హెచ్చరికగా కంట్రోలు కాలమ్ గడగడ వణికినప్పుడు కెప్టెన్ దానిని ముందుకు తోయవలసింది పోయి వెనుకకు లాగాడు. రెక్కకు, ఎదురువచ్చే గాలికి మధ్య కోణం ఒక హద్దు దాటితే గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకొని ప్రవహించలేక విడిపోతుంది. ఎత్తే బలం ఒక్కసారిగా పడిపోతుంది. దీనినే స్టాల్ అంటారు. ఇంజను ఆగిపోవడంతో దీనికి సంబంధం లేదు. పడిపోతున్న విమానపు ముక్కును ఇంకా కిందికి వంచడమే దీనికి మందు. భయపడిన మనిషి చేయి సహజంగా చేసే పనికి ఇది పూర్తిగా విరుద్ధం.

బాధితుల కుటుంబాలు పట్టు విడవకుండా పోరాడగా 2010లో చట్టం వచ్చింది, 2013లో 1500 గంటల నియమం అమలైంది. అయితే ఆ విమానపు కెప్టెన్‌కు 3,300 గంటలకు పైగా, ఆయన పక్కనున్న యువతికి 2,200 గంటలకు పైగా అనుభవమున్నది. అంటే కొత్త నియమం ఆనాటికే ఉన్నప్పటికీ వారిద్దరూ దానిని అవలీలగా దాటి ఉండేవారు! కుటుంబాల పోరాటాన్ని నేను తక్కువ చేయడం లేదు. అలసట, శిక్షణ లోపాల వంటి ఎన్నో విషయాలు దానివలననే వెలుగులోకి వచ్చాయి. కాని లాగ్ బుక్కులోని మొత్తం ఎంత అన్నది ఒక ప్రశ్న, ఆ గంటలు దేనితో నిండాయన్నది మరొక ప్రశ్న. తొలి ఉద్యోగాన్ని ఈ రెండవ ప్రశ్నతోనే తూచాలి.

ఇప్పుడు కింగ్ ఎయిర్ సంగతి చూద్దాం. ఆ విమానాన్ని ఒక్క పైలట్ నడపడానికి ప్రభుత్వ అనుమతి ఉన్నది. ఒకరు చాలిన చోట కుడి సీటులో కూర్చున్న రెండవ మనిషి, చట్టం దృష్టిలో, ఒక్కొక్కప్పుడు ప్రయాణికుడే. సంస్థ దగ్గర ఎఫ్.ఏ.ఏ. ఆమోదించిన ప్రత్యేక కార్యక్రమం ఉంటే ఆ గంటలు లెక్కకు వస్తాయి, లేకపోతే రావు. మా అమ్మాయి ఫోను చేసి, "నా గంటలు ఏ పద్దు కింద వ్రాసుకోవాలి?" అని అడిగితే, అవతలివారు జీతం గురించి, యూనిఫారం గురించి చాలాసేపు చెప్పారు. ఆ ప్రశ్నకు మాత్రం సమాధానం రాలేదు. మా తమ్ముని ఓటు అక్కడితో చెల్లకుండా పోయింది. గంటలు లెక్కకు వచ్చినా నా సందేహం ఒకటి మిగిలే ఉన్నది. మరొకరి నిర్ణయాల పక్కన కూర్చొని వెయ్యి గంటలు గడిపిన మనిషికి నిర్ణయం తీసుకొనే అలవాటు ఎప్పుడు అబ్బుతుంది?

శిక్షకుల పని అంటే మనవారికి చిన్నచూపు. నిజానికి ఈ దేశంలో స్పిన్‌లో, అనగా స్టాల్ అయి గిరగిర తిరుగుతూ పడే స్థితిలో, తప్పనిసరిగా శిక్షణ పొందవలసినవారు శిక్షకులే. మామూలు ప్రైవేటు పైలట్‌కు ఆ నిర్బంధం లేదు. విద్యార్థి చేయి ఏ క్షణాన తప్పు దిశలో కదులుతుందో కనిపెట్టి, నేర్చుకొనేంతవరకు ఊరుకొని, ప్రమాదానికి ముందు అందుకోవడం వారి నిత్యకృత్యం. అలా వందల స్టాల్‌లు చూసిన చేయి బఫెలో రాత్రి వంటి రాత్రి వెనుకకు లాగదని హామీ ఇవ్వలేను. అవకాశం తగ్గుతుందని మాత్రం నమ్ముతున్నాను.

ఇక మిగిలినవి రెండు బడులు. ఇక్కడే నాకూ, ఆమెకూ అసలు వాదం జరిగింది. అరిజోనాలో ఏడాదిలో అధిక భాగం ఆకాశం నిర్మలం, విద్యార్థులు అనేకులు, గంటలు త్వరగా చేరుతాయి. ఒహాయోలో శీతకాలమంతా మబ్బు, మంచు, రద్దయిన పాఠాలు. అయితే ఎయిర్‌లైన్ పైలట్ సర్టిఫికెట్టుకు 1500 అన్న ఒక్క అంకె చాలదు. అందులో 500 గంటలు దూరప్రయాణాలు, 100 గంటలు రాత్రి, 75 గంటలు పరికరాల ఆధారంతో, 50 గంటలు రెండు ఇంజన్ల విమానంలో ఉండాలి. ఊరి చుట్టూ ఎంత తిరిగినా దూరప్రయాణపు పద్దు నిండదు. విద్యార్థి కళ్ళకు అడ్డు కట్టి పరికరాలు చూపించి నడిపిస్తే ఆ గంట పరికరాల పద్దులోకి వచ్చేది విద్యార్థికే గాని శిక్షకురాలికి కాదు. నిజమైన మబ్బులోకి వెళ్తే ఇద్దరికీ వస్తుంది. 1400 గంటలు నిండి, ఈ చిన్న పద్దులు నిండక ఆగిపోయినవారు ఉంటారని ఆమె గురువే హెచ్చరించారు.

ఆమె వాదమూ బలమైనదే. ఎయిర్‌లైన్స్‌లో సీనియారిటీ అంతా చేరిన తేదీని బట్టి. ఏ విమానం నడపాలి, ఎప్పుడు కెప్టెన్ కావాలి, దీపావళికి సెలవు దొరుకుతుందా లేదా అన్నీ ఆ వరుస సంఖ్యే నిర్ణయిస్తుంది. 65 ఏళ్ళకు పదవీవిరమణ. 2001లో, 2020లో నియామకాలు రాత్రికి రాత్రే ఆగిపోయి, చివర చేరినవారు ముందుగా ఇంటికి వెళ్ళారు. ఆరు నెలల ఆలస్యం ఒక జీవితకాలపు నష్టం కావచ్చునని ఆమె అన్నది. నేను కాదనలేకపోయాను. మబ్బులలో పాఠం చెప్పే బడి ఇంటికి ఇరవై మైళ్ళలో ఉండగా ఎడారికి వెళ్ళడమెందుకన్నదే నా వాదన. శిక్షణ అప్పు నెత్తిన ఉన్నప్పుడు ఇంటి అద్దె మిగలడం కూడా చిన్న విషయం కాదు. (పౌరసత్వం లేని పిల్లలు శిక్షణ మొదలుపెట్టే ముందే రవాణా భద్రతా సంస్థ అనుమతి పొందాలని, ఉద్యోగానికి పని చేసే హక్కు వేరుగా ఉండాలని తల్లిదండ్రులు మరువరాదు.)

ఆమె ఒహాయోలోనే ఉండిపోయింది. మొన్నటి శీతకాలంలో ఒక విద్యార్థితో దూరప్రయాణానికి బయలుదేరి, మబ్బులోకి వెళ్ళిన కొద్ది నిమిషాలకే రెక్క ఊతకడ్డీ మీద పల్చని మంచుపొర చూసిందట. వాతావరణ సూచనలో మంచు ప్రసక్తి లేదు. రెక్క మీద మంచు చేరితే దాని ఆకారం మారి స్టాల్ ముందుగానే ముంచుకొస్తుంది; ఆ సెస్నాకు మంచును వదిలించే సాధనం లేదు. ఆమె వెంటనే వెనుకకు తిప్పింది. డబ్బు కట్టిన విద్యార్థి అలిగాడు, బడి యజమాని ముఖం ముడుచుకొన్నాడు. ఆమె లాగ్ బుక్కులో ఆనాటి పద్దు 0.4 గంట.

ఇప్పుడు ఆమెకు తొమ్మిది వందల గంటలు దాటాయి. పన్నెండు వందలు నిండితే సెస్నా క్యారవాన్‌లో ఒంటరిగా సరుకులు మోసే ఉద్యోగానికి అర్హత వస్తుంది. ఆ పనిలో చేరాలా, పదిహేను వందల వరకు బడిలోనే ఉండాలా అని మళ్ళీ మా ఇంటికి రాబోతున్నది. మా తమ్ముడు ఈసారి ఓటు వేసే ముందు, పద్దుల సంగతి తానే అడుగుతానన్నాడు.