లాగేది చెత్త.. వదిలేది దుమ్ము

మార్కాపురం: పలకలకు పేరుబడ్డ ఈ ప్రాంతంలో దుమ్ముకు కరువు లేదు. గనిలో రాయి తీసినా, ఫ్యాక్టరీలో కోసినా లేచే బూడిదరంగు పొడి కార్మికుల బట్టలు పట్టుకుని ఇళ్ళకూ చేరుతోంది. వేసవి గాలికి లేచే మట్టి దీనికి అదనం. అందుకే టవునులోనే గాక చుట్టుపక్కల పల్లెల్లోనూ కొందరు వాక్యూమ్ క్లీనర్లు కొంటున్నారు. అయిదు వేల నుంచి పది వేల రూపాయల లోపు పెట్టి కొన్నవారిలో నాకు తెలిసిన నలుగురైదుగురు ఏడాది తిరక్కుండానే వాటిని అటక ఎక్కించారు. ఈ విలేకరి కూడా వారిలో ఒకడు.

మా తమ్ముడు పలకల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. అమ్మకు ఆయాసం. ఇల్లు ఊడ్చినప్పుడల్లా ఆమె వాకిట్లోకి వెళ్ళి కూర్చోవలసి వచ్చేది. ఆ బాధ చూడలేక ఏడు వేల అయిదు వందలు పెట్టి ఒక యంత్రం తెచ్చాను. పది రోజులు బాగానే లాగింది. ఆ తర్వాత ఊపు తగ్గింది. వెనుక నుంచి వేడిగాలి, కమురు వాసన మొదలయ్యాయి. పొద్దున కిటికీలోంచి పడే ఎండలో చూస్తే యంత్రం వెనుక సన్నటి పొగలాగా దుమ్ము తిరుగుతోంది. అమ్మ దగ్గు తగ్గకపోగా పెరిగింది. "ఒరే, చీపురు దుమ్మయితే కళ్ళకు కనపడేది. కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. దీని దుమ్ము కనపడటం లేదురా" అంది.

రవ్వతో పరీక్ష

కొన్న రోజున దుకాణంలోని కుర్రాడు చిన్న తివాచీ పరిచి, దానిమీద రవ్వ, కాగితం ముక్కలు చల్లి యంత్రం తిప్పాడు. క్షణంలో అన్నీ మాయమయ్యాయి. నేను సంతోషించి డబ్బు కట్టేశాను. రవ్వను లాగడం ఏ యంత్రానికీ గొప్ప కాదని అప్పుడు తట్టలేదు. చెడిపోయాక తీసుకెళ్తే, "అన్నా, ఇది పలకల పొడికి కాదన్నా. పుస్తకంలో రాశారు చూడు" అన్నాడు. నిజమే, రాశారు. సిమెంటు, సున్నం, రాతిపొడి వంటి సన్నపొడికి వాడరాదని ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాలతో ఉంది. అడగకుండా కొన్నది నా తప్పు. మార్కాపురంలో అమ్ముతూ ఆ మాట చెప్పకపోవడం అమ్మినవారి తప్పు.

వాట్లు చూసి కొనరాదు

అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే 1,400 వాట్లు, 1,600 వాట్లు అనేవి యంత్రం కాల్చే కరెంటు లెక్క. లాగే బలం లెక్క కాదు. ఎక్కువ బియ్యం తినే మనిషి ఎక్కువ మూటలు మోస్తాడని రూలు లేదు గదా! యూరప్ దేశాలు 2014 సెప్టెంబరులో వాక్యూమ్ క్లీనర్ల వాడకాన్ని 1,600 వాట్లకు, 2017 సెప్టెంబరులో 900 వాట్లకు కట్టడి చేశాయి. అయినా అక్కడి ఇళ్ళు శుభ్రంగానే ఉన్నాయి. లాగే బలానికి 'ఎయిర్ వాట్లు' అనే వేరే లెక్క ఉంది. మధ్య ధర పెట్టెల మీద అది కనపడటం అరుదు. పైగా వాట్లు ఎన్ని ఉన్నా, మన పల్లెల్లో సాయంత్రం వోల్టేజి పడిపోతే మోటారు ఊపు తగ్గక తప్పదు.

అసలు చిక్కు సన్నపొడితోనే

మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఊపిరితిత్తుల లోతుకు పోయే దుమ్ము అయిదు మైక్రాన్ల లోపుది. అది కంటికి కనపడదు, ముక్కు వెంట్రుకలకు చిక్కదు. మామూలు గుడ్డసంచి దానిని ఆపలేదు. ఒక కొసన గొట్టం దుమ్మును లాగుతుంటే, రెండో కొసన అందులోని సన్నపొడి గాలితో కలిసి మళ్ళీ గదిలోకి వస్తుంది. నేలమీద పడివున్న దుమ్మును లేపి ముక్కు ఎత్తుకు చేర్చినట్టే.

దీనిని ఆపేది హెపా అనే వడపోత. అసలు హెపా అయితే 0.3 మైక్రాన్ల నలుసులను కూడా నూటికి 99.97 వంతు పట్టుకోవాలి. కొన్ని పెట్టెల మీద 'హెపా రకం' అని ఉంటుంది. ఆ 'రకం' అనే మాటలోనే మోసం ఉంది. ఒకవేళ అసలుదే పెట్టినా, దాని చుట్టూ రబ్బరు బిగుతుగా లేకపోతే గాలి సందుల్లోంచి పోతుంది. ఇంటి యంత్రాల్లో చాలావాటికి లోపలికి లాగిన గాలే మోటారును చల్లబరుస్తుంది. రాతిపొడి వడపోతను మూసేస్తే గాలి ఆడదు, మోటారు వేడెక్కుతుంది. కమురు వాసనకు కారణం ఇదే.

పలకరాతి పొడిలో సిలికా ఉంటుంది. అది ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో పలక పెన్సిళ్ళ పని చేసినవారు ఈ జబ్బుతో ఎంత నష్టపోయారో దేశమంతా చూసింది. కనుక ఇది ఏడు వేల రూపాయలతో పోయే సంగతి కాదు.

మధ్య ధరకే ఎందుకు?

రెండు వేల యంత్రం కొన్నవాడు కారు సీట్లు తుడుచుకుంటే చాలనుకుంటాడు. పాతిక, ముప్పై వేలు పెట్టినవాడికి మంచి వడపోత, బిగువైన రబ్బర్లు దొరికే అవకాశం ఉంది. మధ్యవాడే పెద్ద యంత్రం చేసే పని చిన్న ధరకు జరుగుతుందని ఆశపడతాడు. ఆ ఆశ తెలిసిన కంపెనీ పైకి కనపడేవాటికే ఖర్చు పెడుతుంది. పది రకాల మూతులు, మెరిసే రంగు, పెద్ద అంకెలు ఇస్తుంది. కనపడని వడపోత దగ్గర పొదుపు చేస్తుంది.

1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ వంటి కంపెనీలు అమ్మకందారును ఇంటికే పంపి, మన పరుపుమీదే యంత్రం తిప్పి చూపించే పద్ధతిని పట్టణాల్లో పెంచాయి. ఇప్పుడు ఫోనులో బొమ్మ చూసి డబ్బు కడితే పెట్టె ఇంటికి వస్తోంది. చెడిపోతే మాత్రం మనమే మోసుకుని పోవాలి. నాకు ఒంగోలు పొమ్మన్నారు. ఇక్కడినుంచి దాదాపు వంద కిలోమీటర్లు. గిద్దలూరు వారికి ఇంకా దూరం. రానుపోను బస్సు చార్జీలు, పోయిన కూలి కలిపితే కొత్త వడపోత ధరను మించుతుంది.

ఏం చేయాలి?

కొనేవారు దుకాణంలో అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "లాగిన సన్నపొడి వెనక్కి రాకుండా ఏది ఆపుతుంది?" రవ్వ వద్దనాలి. జేబులో పొట్లం కట్టుకుని మనింటి దుమ్మే తీసుకెళ్ళి పోయించాలి. వెనుక గాలి వచ్చేచోట తెల్లగుడ్డ పట్టాలి. గుడ్డ మాసిందా, ఆ యంత్రం మనకు పనికిరాదు. సంచి, వడపోత విడిగా ఇక్కడే దొరుకుతాయో లేదో కనుక్కోవాలి. బిల్లు, ముద్ర వేసిన గ్యారంటీ కార్డు తప్పనిసరి.

మోసం జరిగితే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలు విలువ అయిదు లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు. రెండేళ్ళ లోపు వేయాలి. ఏ ఊరి కంపెనీ అయినా, మనం నివసించే జిల్లాలోనే కేసు పెట్టవచ్చు.

అమ్మేవారు కూడా ఈ ప్రాంతంలో 'రాతిపొడికి పనికిరాదు' అన్న మాటను తెలుగులో పెట్టెమీద అంటించాలి. ఫ్యాక్టరీల్లో కోతకు నీళ్ళు పట్టి, దుమ్మును పుట్టినచోటే లాగే ఏర్పాటు చేయడం యజమానుల బాధ్యత. అధికారులు దానిని చూడాలి. అక్కడ ఆగని దుమ్మును ఇంట్లో ఏ యంత్రమూ ఆపలేదు.

మా ఇంట్లో ఇప్పుడు తమ్ముడు బయటి కుళాయి దగ్గరే స్నానం చేసి, బట్టలు నీళ్ళలో నానవేసి లోపలికి వస్తున్నాడు. నాపరాళ్ళ నేలను ఊడ్చకుండా తడిగుడ్డతో తుడుస్తున్నాం. అమ్మ వాకిట్లోకి పోవలసిన అవసరం లేకుండా పోయింది. ఏడు వేల అయిదు వందల యంత్రం అటకమీద ఉంది. దానిమీద కూడా దుమ్ము పడుతోంది.