పొత్తుల లెక్కలో మన బడి ఎక్కడ?

పదో తరగతిలో ద్రావిడ ఉద్యమం గురించి చెబుతుంటే వెనక బల్ల నుంచి ఒక పిల్లవాడు లేచి, "సార్, ద్రావిడులంటే మనం కూడానా?" అని అడిగాడు. భాషాశాస్త్రం ప్రకారం ఔనన్నాం. "మరి పార్టీ ప్రకారం?" అన్నాడు. ఇంతలో గంట కొట్టారు కాబట్టి ఆ పూటకు గట్టెక్కాం. ప్రశ్న మాత్రం ఇంటిదాకా వెంట వచ్చింది.

1949 సెప్టెంబరు 17న డీఎంకే పుట్టినప్పుడు జవాబు ఔననే. అన్నాదురై అడిగిన ద్రావిడనాడు తమిళులకు మాత్రమే కాదు, తెలుగు, కన్నడ, మలయాళం మాట్లాడేవాళ్లకు కూడా. దానికి ముందు తరం జస్టిస్ పార్టీలో పిట్టి త్యాగరాయ చెట్టి, పానగల్ రాజా, బొబ్బిలి రాజా మన మాట మాట్లాడినవాళ్లే. అయితే ఆంధ్రులు ద్రావిడనాడు అడగలేదు, మద్రాసు అడిగారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో భాషల ప్రకారం గీతలు గీశారు. 1963లో అన్నాదురై ప్రత్యేక దేశం కోరికను వదులుకున్నారు. 1969 సంక్రాంతి నాటికి రాష్ట్రం పేరు తమిళనాడు అయింది. ద్రావిడ అన్న మాట పార్టీ పేరులో అలాగే ఉంది, దాని అర్థం మాత్రం తమిళం దగ్గర ఆగిపోయింది. గీతకు ఇవతల ఉండిపోయిన మనం ఏమిటన్నది ఎవరూ చెప్పలేదు. మనమూ గట్టిగా అడగలేదు.

బడి పేజీలో రాజకీయం ఎందుకని కొందరు తల్లిదండ్రులు అనుకోవచ్చు. మన బడి భాష ఏ గంటలో ఉండాలో, పరీక్షలో ఏ భాగం కిందికి రావాలో నిర్ణయించింది రాజకీయమే. అందులోనూ పొత్తుల రాజకీయం.

1967 చూడండి. డీఎంకే ఒక్కటే కాంగ్రెస్‌ను ఓడించలేదు. రాజాజీ స్వతంత్ర పార్టీ, మార్క్సిస్టులు, ముస్లిం లీగ్ పక్కన నిలిచారు. మద్రాసు కోసం, తిరుత్తణి కోసం మన పెద్దలతో తలపడిన మ.పొ.శివజ్ఞానం కూడా అటే ఉన్నారు. అందరికంటే వింత రాజాజీ సంగతి. మా హోసూరు పక్కన తొరపల్లిలో పుట్టిన ఆ పెద్దమనిషే 1937లో ప్రధానిగా ఉండి బడుల్లో హిందీని తప్పనిసరి చేశారు. ద్రావిడ ఉద్యమానికి ఊపిరి పోసింది ఆ హిందీ వ్యతిరేకతే. ముప్పై ఏళ్లు తిరిగేసరికి ఆయన హిందీని కాదని, ఈయన పాత పగను కాదని, ఇద్దరూ ఒకే వేదిక ఎక్కారు. 234 సీట్లలో డీఎంకేకు 137 వచ్చాయి. మర్నాటి జనవరిలో శాసనసభ రెండు భాషల విధానం తీర్మానించింది.

అక్కడి నుంచి ఢిల్లీ కథ వేగంగానే చెప్పుకోవచ్చు. 1971లో ఇందిరా గాంధీతో పొత్తు, 1976లో ఆమె చేతిలోనే బర్తరఫ్, 1980లో మళ్లీ ఆమెతోనే. 1988లో ఎన్టీ రామారావు అధ్యక్షుడిగా నేషనల్ ఫ్రంట్ మద్రాసులోనే మొదలైంది. మరుసటి ఏడాది లోక్‌సభకు ఒక్కరూ గెలవకపోయినా, రాజ్యసభలో ఉన్న మురసొలి మారన్ కేంద్ర మంత్రి అయ్యారు. 1996లో యునైటెడ్ ఫ్రంట్, 1999లో బీజేపీ, 2004లో కాంగ్రెస్. 2013లో శ్రీలంక తమిళుల విషయం మీద ఆ పొత్తునూ వదిలేశారు.

దీన్ని అవకాశవాదం అని కొట్టిపారేయడం సులువు. మా అభిప్రాయం వేరు. ఎవరితో కూర్చున్నా ఆ పార్టీ తన భాషకు ఏదో ఒకటి రాబట్టుకుంది. 2004లో తమిళానికి ప్రాచీన హోదా వచ్చింది ఆ పొత్తు ఏడాదిలోనే. తెలుగుకు అదే హోదా 2008లో గానీ రాలేదు. తక్కువ సంఖ్యతో ఎక్కువ బేరం ఎలా ఆడాలో ఢిల్లీకి నేర్పిన పార్టీ అది. ఆ పాఠం మనం మన పిల్లలకు చెబుతాం, మనం మాత్రం నేర్చుకోలేదు.

ఇప్పుడు 2006కు రండి. ఆ ఎన్నికల్లో డీఎంకేకు వచ్చినవి 96 సీట్లే. మెజారిటీకి 118 కావాలి. కాంగ్రెస్‌కు 34, పీఎంకేకు 18, మార్క్సిస్టులకు 9, సీపీఐకి 6. మిత్రులు బయటి నుంచి పట్టుకుంటేనే నిలిచే ప్రభుత్వం అది. తమిళ అభ్యసన చట్టం వచ్చింది సరిగ్గా ఆ ప్రభుత్వంలోనే, వచ్చిన కొత్తలోనే. ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున మొదటి భాషగా తమిళం తప్పనిసరి అయింది. అప్పటిదాకా మొదటి భాగంలో తమిళమో మాతృభాషో రాసుకునే వీలుండేది. తెలుగు నాలుగో భాగంలోకి, ఐచ్ఛికంగా, జరిగిపోయింది. చాలా ఏళ్లు ఆ మార్కులు మొత్తంలో కలవనే లేదు. మార్కు రాని సబ్జెక్టును ఏ పిల్లవాడు చదువుతాడు?

మిత్రపక్షాల మద్దతు అవసరమైన రోజుల్లో, వాటిలో ఒక్కటైనా మనవైపు ఒక సవరణ కోసం పట్టుబట్టి ఉంటే వినక తప్పేది కాదు. ఆ బిల్లు మీద పొత్తు చెదరలేదు. చెదరాల్సినంత ఒత్తిడి ఎవరు తెచ్చారు గనక? 2011 జనగణన ప్రకారం ఈ రాష్ట్రంలో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు దాదాపు 42 లక్షలు. ముస్లిం లీగ్‌కు, వామపక్షాలకు పొత్తులో సీటు దొరికింది. మనకు దొరకలేదు. కారణం, మనం హోసూరులో ఒక చోట, కోయంబత్తూరులో ఒక చోట, చెన్నైలో వేయి చోట్ల ఉన్నాం. ఏ నియోజకవర్గంలోనూ తెలుగు బడి పేరు చెప్పి ఓటు అడగాల్సిన అవసరం అభ్యర్థికి కలగలేదు. తెలుగులో మాట్లాడి ఓటు అడుగుతారు, అది వేరే సంగతి.

ఆ చట్టం కింద మొదటి పదో తరగతి 2016లో పరీక్ష రాయాల్సి వచ్చినప్పుడు మన సంఘాలు కోర్టు మెట్లు ఎక్కాయి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మరో ఏడాది మినహాయింపు ఇచ్చింది. పరీక్షకు వారాల ముందు దాకా ఏ భాషలో రాయాలో తెలియని పిల్లవాడికి ఏం చెప్పాలో మాకు తోచేది కాదు. రెండూ చదువుకో అనేవాళ్లం.

ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. తమిళం నేర్చుకోవడానికి మేం వ్యతిరేకం కాదు. ఈ నేల మీద బతికే పిల్లవాడు తమిళంలో అర్జీ రాయలేకపోతే నష్టం వాడికే, మా బడిలో తమిళం బాగానే చెబుతున్నాం. తెలంగాణ 2018లో పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి చేస్తే మనలో చాలామందిమి చప్పట్లు కొట్టాం. అక్కడ ఇళ్లలో వేరే భాష మాట్లాడే పిల్లల సంగతేమిటని ఆ రోజు అడగలేదు. ఇప్పుడు మన అభ్యంతరం తమిళం పెట్టినందుకు కాదు, తెలుగును పక్కకు నెట్టినందుకు. హిందీ విషయంలో డీఎంకే చెప్పే వాదం కూడా ఇదే కదా. ఆ పార్టీ దగ్గరికే ఆ పార్టీ మాట పట్టుకుని వెళ్లడంలో తప్పేముంది?

తెలుగు పార్టీ పెట్టుకుందామని మేం అనడం లేదు. అలాంటి ఆవేశం వల్ల మన బడి ఇంకా ఒంటరిదవుతుంది. కూటమిలోని చిన్న పార్టీల దగ్గరికి వెళ్లాలి. మేనిఫెస్టో రాసేటప్పుడు పెద్ద పార్టీ వాళ్ల మాట వింటుంది, గెలిచాక వినదు. అదీ ఒక్క కూటమి దగ్గరికే కాదు. అన్నాడీఎంకే తర్వాత పదేళ్లు పాలించినా ఆ చట్టం అలాగే ఉంది.

వెళ్లేముందు ఇంట్లో సర్దుకోవాల్సిందీ ఉంది. కిందటి జూన్‌లో ఒకటో తరగతి ప్రవేశాల కోసం మేం ఇల్లిల్లూ తిరిగాం. "మాస్టారూ, మీ పిల్లలు ఎక్కడ చదువుతున్నారు?" అని ఒకమ్మ అడిగింది. మా ఉపాధ్యాయుల్లో సగం మంది తలదించుకున్నారు. ఆ ఏడాది ఒకటో తరగతిలో చేరింది పదకొండు మంది. అడగడానికి వెళ్లినప్పుడు ఏ పార్టీ నాయకుడైనా మొదట అడిగేది ఈ అంకెనే.