తెర మీద పాఠం సరే, మన భాష ఎక్కడ?

ఆశ్రమ పాఠశాలల్లోకి ట్యాబులు, గోడకి పెద్ద టచ్ ప్యానెళ్లు వచ్చినప్పట్నుంచీ మనలో రెండు మాటలు వినబడుతున్నాయి. ఇక మన పిల్లలూ కార్పొరేట్ స్కూలు పిల్లలతో సమానమేనని కొందరు, కరెంటు నిలవని ఊళ్లో ఇదంతా దండగని కొందరు. నాకు రెండూ సగం సగమే అనిపిస్తున్నాయి.

వీడియో దండగ అని నేనైతే అనను. సముద్రం చూడని పిల్లకి ఆటుపోట్ల గురించి సుద్దముక్కతో ఎంత గీసి చెప్పినా అంతంతే. ల్యాబ్ లేని హైస్కూల్లో ప్రయోగాన్ని కనీసం కళ్లతో చూస్తారు. మాస్టారు మధ్యలో ఆపి "ఇప్పుడేమవుతుందో చెప్పండి" అని అడిగితే ఐదు నిమిషాల వీడియో పూర్తి పాఠం అవుతుంది. ఆన్ చేసి ఆఫీసు రూముకి వెళ్లిపోతే అది సినిమా. పిల్లలు గొడవ చేయకుండా చూస్తారు కాబట్టి తనిఖీకి వచ్చినవాళ్లకి మాత్రం క్లాసు బ్రహ్మాండంగా కనిపిస్తుంది!

సిగ్నల్ లేకపోవడం పెద్ద కష్టమే. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు వేశారు. టీవీ లేని గూడేల్లో అవి ఎంతమందికి అందాయో మనకి తెలుసు. కానీ దానికి దారి ఉంది. 2022 డిసెంబరులో ఆంధ్రాలో ఎనిమిదో తరగతి పిల్లలకిచ్చిన ట్యాబుల్లో పాఠాలు ముందే ఎక్కించారు. మెమరీ కార్డు, పెన్‌డ్రైవ్ ఉంటే నెట్ అక్కర్లేదు. ఇలా తీరనిది భాష చిక్కే.

ఒకటో తరగతి కోయ పిల్లకి నీళ్ల గురించి వీడియో పెట్టారనుకోండి. కోయలో ఏరు అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగు. తెర మీది అక్క "ఏరు దాటి వెళ్లారు" అంటే ఆ పిల్లకి ఏం అర్థమవుతుంది? మనిషైతే పిల్ల మొహం చూసి ఆగి, ఇంకోలా చెప్తాడు. తెర ఆగదు. భిన్నాలు చెప్పడానికి పిజ్జా కోసి చూపిస్తారు. మా వైపు రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. అంటే సోల, మానికలో నాలుగో వంతు. సంతలో అమ్మ పక్కన కూర్చుని ఇప్పపువ్వు కొలిచిన పిల్లకి భిన్నాలు ముందే వచ్చు, పాపం పిజ్జా దగ్గర తికమక పడుతుంది.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బహుభాషా విద్య మొదలుపెట్టి సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో వాచకాలు తెచ్చారు. ఆ వాచకాలకే వీడియోలు చేయమని మనం ఎందుకు అడగకూడదు? ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకి వీలు కల్పించాలని రాజ్యాంగంలో 350ఎ ఉండనే ఉంది.

ఇంకో మాట, కాస్త చేదుది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో వచ్చిన జీవో 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. పిల్ల భాష తెలిసిన టీచరు వచ్చే దారి మూసుకుపోయాకే గోడ మీదికి ఈ ప్యానెళ్లు వచ్చాయి. రేపు ఖాళీ పోస్టు గురించి అడిగితే "ప్యానెల్ ఉంది కదా" అంటారేమోనని నా భయం. అందుకే వినతిపత్రం రాసేటప్పుడు ప్యానెల్ ఒక్కటే అడగొద్దు. మన భాష వచ్చిన టీచరునీ అదే కాగితంలో అడగండి.

ప్రభుత్వం చేసేదాకా మనం ఊరుకోనక్కర్లేదు. మనలో డీఈడీ, బీఈడీ చేసినవాళ్లున్నారు, రీల్స్ ఎడిటింగ్‌లో ఆరితేరిన తమ్ముళ్లున్నారు. సెలవులకి ఊరెళ్లినప్పుడు ఒకటో రెండో తరగతి పాఠం ఒక్కటి తీసుకుని మూడు నిమిషాలు మన భాషలో చెప్పి ఫోన్లో తీయండి. వెనకాల మ్యూజిక్ వద్దు, మాట వినబడాలి. ఊరు మారితే యాస మారుతుంది కాబట్టి ఏ ఊరి మాటో మొదట్లోనే చెప్పండి. ముందు మీ ఊరి బళ్లో వేసి, పిల్లలు ఎక్కడ నవ్వారో ఎక్కడ తెల్లమొహం వేశారో చూసి మళ్లీ తీయండి. పిల్లల మొహాలు మాత్రం ఎక్కడా పెట్టొద్దు.

నేను కోయలో సోల-మానిక పాఠం తీస్తున్నాను, వచ్చే సంత రోజున. తవ్వకి మీ ఊళ్లో ఇంకో పేరుంటే చెప్పండి, అది కూడా కలుపుతాను.