ఐదు దాటి ఆరులోకి

డీఎస్సీకి చదువుతున్నారా? విద్యాహక్కు చట్టం–2009 మీద బిట్లు బట్టీ పట్టే ఉంటారు. ఆ చట్టంతో మీ ఊళ్లోనే ఓ పిల్లకి అవసరం ఉండొచ్చు.

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఐదో తరగతి దాకా బడి చాలామందికి ఇంటి దగ్గరే. ఆరుకి పక్క ఊరి హైస్కూలుకి పోవాలి. ఒక్క టీచరు పోయి సబ్జెక్టుకొకరు వస్తారు. దారీ కొత్తే, స్నేహాలూ కొత్తే. ఈలోగా పత్తి తీతలు, సంక్రాంతి దాటితే మిరపకాయ కోతలు. అమ్మానాన్నలతో చేనుకి పోయి పాఠాలు పోగొట్టుకున్న పిల్ల మళ్లీ బడికెళ్లడానికి జంకుతుంది. 'ఆడపిల్లకి ఈ చదువు చాల్లే' అనే మాట అప్పుడే మొదలవుతుంది.

టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడిలో చేర్చుకోకపోవడం కుదరదని ఆ చట్టంలోని 5వ సెక్షనే చెబుతోంది. ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పండి. బడి మానేసిన ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాల్లో ఆరో తరగతి నుంచి ఉచిత చదువు, వసతి ఉన్నాయి. దరఖాస్తు మీరే నింపిపెట్టండి. వేసవిలో రోజూ ఓ గంట భాగహారాలు చేయించండి, ఇంగ్లిష్ చదివించండి. జూన్‌లో బడి తెరిచాక మొదటి వారం తోడు వెళ్లండి.

రేపు మీకు పోస్టొస్తే ఎదురుగా కూర్చునేది ఇలాంటి పిల్లలే. ఈ పనికి మాత్రం నోటిఫికేషన్ అక్కర్లేదు.