నడుచుచున్న కంప్యూటరును పాఱవేయవలెనా?

2025 సంవత్సరమున దీపావళికి నాలుగు దినములు ముందుగా మా చిన్న ఆడబిడ్డ మా యింటికి వచ్చి, చేతిసంచియైనను దింపకుండ, "వదినా, మా కంప్యూటరు చచ్చిపోయినదట" అని కూర్చుండెను. నేను నిజమేననుకొని, "పిడుగు పడినదా? కరెంటు హెచ్చుతగ్గయినదా?" అని యడిగితిని. "అదియేమియు లేదు. ఉదయముననే పచ్చళ్ల జాబితా దానిమీదనే కొట్టి వచ్చితిని. బాగుగనే నడుచుచున్నది. కాని దుకాణమతడు చచ్చినదే యనుచున్నాడు" అనెను.

ఆమె యింటియొద్దనే పచ్చళ్లును, పొడులును చేసి ఊరూరికి పంపుచుండును. ఆ కంప్యూటరు 2016లో తన మొదటి సంపాదనతో కొనుక్కొన్నది. ఎవరికి ఎన్ని కిలోల గోంగూర పంపవలెనో, ఎవరు డబ్బు బాకీయున్నారో, సర్వమును అందులోనే యున్నది. పిల్ల కళాశాల వ్రాతపనియు దానిమీదనే. విండోస్ 10కు సపోర్టు ముగిసినదని తెఱమీద నొక ప్రకటన కనబడగా ఆమె భయపడి యెఱిగిన దుకాణమునకు మోసికొనిపోయెను. అతడు మూతయైనను తీసి చూడక, దీని కాలము తీరినది, మారకమునకిచ్చినచో 1,500 రూపాయలు తగ్గించి క్రొత్తది 42 వేలకు ఇచ్చెదననెను. ఆమె యొద్ద నున్నవి చీటీ పాడి తెచ్చిన 40 వేలు. అది నవంబరులో పిల్ల ఫీజునకై దాచిన సొమ్ము.

"సగము ఇప్పుడిచ్చి సగము వాయిదాలలో కట్టుమనుచున్నాడు వదినా. ఫీజు సంగతి పైవారము చూచుకొందునా?" అని యామె యడుగుచుండగా నాకు దుకాణమతనిమీద కోపము వచ్చినమాట నిజమే గాని, అతడు చెప్పినదానిలో నిజమెంత, బేరమెంత యని విడదీయకుండ కోపపడుట తగదని తోచి, ఇరువురమును కూర్చుండి విచారించితిమి. ఆ విచారమే ఈ మాసము సోదరీమణులకు విన్నవించుచున్నాను. ఇటువంటి యంత్రము మీలో పెక్కండ్ర యింట నుండవచ్చును.

విండోస్ 10 యనునది 2015 జూలై 29న వెలువడినది. దాని యజమానులగు మైక్రోసాఫ్టువారు 2025 అక్టోబరు 14తో దానికి ఉచితముగా మరమ్మతులు పంపుట మానిరి. ముగిసినదన్న సపోర్టు ఈ మరమ్మతులే గాని యంత్రము కాదు. కంప్యూటరు మఱునాడును వెలుగును, లెక్కలు వ్రాయును, పాటలు పాడును. అయితే ఇట్టి కార్యక్రమములలో కోట్లకొలది వాక్యములుండును గనుక ఎక్కడనో యొకచోట కిటికీ గొళ్లెము వదులుగా నుండుట తప్పదు. అవి బయటపడినకొలది యజమానులు ప్రతిమాసము రెండవ మంగళవారమున బిగించుచుందురు. 2003 నుండి ఇది వారి యలవాటు. ఇకమీద ఆ వడ్రంగి విండోస్ 10 యింటికి ఊరక రాడు. విండోస్ 11 యింటికి మాత్రము వచ్చుచుండును. రెండిండ్లును చాలవఱకు ఒకే కొలతతో కట్టినవి గనుక, క్రొత్తయింట ఏ గొళ్లెము బిగించిరో చూచి దొంగలు పాతయింట అదే గొళ్లెమును వెదకుకొందురు. భయమంతయు ఇందులోనే యున్నది.

ఈ భయము ఊరక పుట్టించినది కాదు. 2017 మే నెలలో వానక్రై యను దుష్టకార్యక్రమము నూటయేబది దేశములలో రెండులక్షలకు పైగా కంప్యూటర్లలో చొరబడి, అందలి కాగితములన్నింటికిని తాళము వేసి, డబ్బిచ్చిన గాని తెరువనని కూర్చున్నది. ఇంగ్లండులోని ఆసుపత్రులలో శస్త్రచికిత్సలు నిలిచిపోయినవి. ఆంధ్రప్రదేశములో పోలీసుశాఖవారి కంప్యూటర్లు కొన్ని దానికి చిక్కినవి. వింత యేమనగా, ఆ కంతకు మరమ్మతు మార్చిలోనే వచ్చియుండెను. వేసికొనక అలక్ష్యము చేసినవారే యెక్కువగా చిక్కిరి. సపోర్టు 2014లోనే ముగిసిన విండోస్ ఎక్స్‌పీ వారికి మాత్రము, ఆ యుపద్రవము వచ్చి పడిన పిమ్మటనే అత్యవసరముగా మరమ్మతు నొసగిరి. కాబట్టి "నడుచుచున్నది గదా, మనకేమి" యని కూర్చుండుట నా సలహా కాదు. ఆడబిడ్డతోడను ఇదియే చెప్పితిని.

అట్లయినచో విండోస్ 11 వేసికొనరాదా యని మీరడుగుదురు. ఆమెయు నడిగెను. 2021 అక్టోబరులో అది వెలువడినప్పుడు యజమానులు కొన్ని నిబంధనలు పెట్టిరి. టీపీఎం 2.0 యను రహస్యపు తాళముల పెట్టె యంత్రములో నుండవలెను. ప్రాసెసరు ఇంటెల్ వారిదైనచో ఎనిమిదవ తరముదో, అంతకు తరువాతిదో కావలెను. ఎనిమిదవ తరము 2017 ఆగస్టులో వచ్చినది. ఏడవ తరము చిల్లరగా అంగళ్లకు వచ్చినదియు అదే సంవత్సరపు జనవరిలోనే! అనగా 2017లో ఏడవ తరముతో క్రొత్తదని కొన్న యంత్రము, నాలుగేండ్లు నిండునప్పటికి, ఒకటిరెండు రకములు తప్ప, క్రొత్త విండోసునకు అర్హము గాకపోయినది. ఆడబిడ్డ 2016లో కొన్నదాని గతి చెప్పనేల?

తాళములపెట్టె యుండుట మంచిదే, నేను కాదనను. కాని, బీరువాకు తాళము లేదని యిల్లు కూలద్రోయుదుమా? మా అత్తగారి కుట్టుమిషను నేను కాపురమునకు రాకమున్నే యింట నున్నది. సూదులు మార్చితిమి, పట్టీ మార్చితిమి, నూనె వేసితిమి. ఇక మీదట నీ మిషనుకు దారము చెల్లదు, క్రొత్తది కొనుమని ఏ కంపెనీవాడును తలుపు తట్టలేదు. కంప్యూటరు అట్టిది కాదు. సొమ్ము మనది, పెట్టె మనది, దానిని నడిపించు అనుమతి మాత్రము మఱియొకరి చేతిలో నున్నది. కొనునాడు ఈ మాట మనకెవ్వరును చెప్పరు.

ఇప్పుడు ఉపాయముల మాట. మొదటిది, మైక్రోసాఫ్టువారే గృహస్థులకై ప్రకటించిన యొక సంవత్సరపు గడువు. ఇందులో చేరినవారి విండోస్ 10 కంప్యూటరునకు 2026 అక్టోబరు 13 వఱకు ముఖ్యమైన రక్షణపు మరమ్మతులు వచ్చునని వారి మాట. చేరుటకు మూడు దారులు పెట్టిరి. 30 డాలర్లు చెల్లించుట యొకటి. వారి బహుమానపు పాయింట్లు వేయి ఖర్చుపెట్టుట యొకటి. ఏమియు చెల్లింపక, వారి ఖాతాతో ప్రవేశించి మన యమరికలను వారి భాండాగారమున దాచుటకు ఒప్పుకొనుట మూడవది. ఒక్కసారి డబ్బు చెల్లించినచో పది యంత్రముల వఱకు చెల్లుననిరి గనుక, అక్కచెల్లెండ్రున్న యింట ఇది గుర్తుంచుకొనదగిన మాట. ఉచితపు దారిలో వెల డబ్బుగా లేదు గాని, మన యింటిచిరునామా వారి చిట్టాలో చేరును. కొందఱికి అది పట్టింపు కాదు, కొందఱికగును. ఐరోపాలోని వినియోగదారుల సంఘములవారు దీనిని ప్రశ్నించిన పిమ్మట అక్కడివారికి ఆ దాచుకొను షరతు తీసివేసిరి. మనకు మాత్రము అట్లే యుంచిరి. అడిగినవారికే తగ్గింపు దొరకుట కూరగాయలబజారులో మాత్రమే కాదన్నమాట.

రెండవ యుపాయము లినక్సు. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినది నేడు లోకమంతటను వ్యాపించినది. మీ చేతనున్న ఆండ్రాయిడు ఫోను లోపల నడుచునదియు అదియే. కంప్యూటరులకై లినక్సు మింటు, ఉబుంటు మున్నగు పేర్లతో ఉచితముగా లభించును. ఒక పెన్‌డ్రైవులోనికి ఎక్కించి, ఉన్న విండోసును కదల్పకయే, దానినుండి కంప్యూటరును నడిపి చూచుకొనవచ్చును. చీరను కొనకమున్ను భుజముపై వేసికొని చూచినట్లన్నమాట. లెక్కలకు, ఉత్తరములకు లిబ్రేఆఫీసు కలదు. తెలుగు చక్కగా కనబడును, కొట్టుటకును వీలున్నది. అయితే ఒక మాట దాచిపెట్టరాదు. విండోసుకై చేసిన కార్యక్రమములు పెక్కు దీనిలో నడువవు. కొన్ని ప్రింటరులును మొండికెత్తును. వ్యాపారపు లెక్కలు ప్రత్యేకమైన కార్యక్రమములో వ్రాయువారు ముందుగా పరీక్షింపక మారరాదు.

ఇంతలో నా స్వంత తెలివితక్కువ యొకటి చెప్పక తప్పదు. ఎక్స్‌పీకి సపోర్టు ముగిసిన 2014లో మా యింటను ఇట్టి కలకలమే రేగినది. అప్పుడు నాకు సలహా చెప్పువారు లేరు. ఎవరో ప్రమాదమనిరి. నేను రెండు దినములలో పాత పెట్టెను పాతసామానుల బండివానికి వేసి, 600 రూపాయలు పుచ్చుకొని, గొప్పపని చేసితిననుకొంటిని. నెలదినముల పిమ్మట మా తండ్రిగారి సంవత్సరీకమునాడు మా తమ్ముడు, "అక్కా, నాన్నగారు పద్యములు చదివినది నీ కంప్యూటరులో నుండవలెను, వినిపింపుము" అనెను. ఆయన గొంతు ఆ యొక్కచోటనే యుండెను. నేను బండివానికై మూడువీధులు తిరిగితిని. హార్డుడిస్కు అప్పటికే యే ఊరు చేరెనో. ఆ దినము తమ్ముడు నన్నొక్క మాటయు అనలేదు. అనినను బాగుండెడిది.

కావున ఆడబిడ్డతో ఆ సాయంకాలము మొట్టమొదట చేయించిన పని, ఉన్నదంతయు బయటి డిస్కులోనికి ఎత్తించుట. తరువాతనే తక్కిన మాటలు. పోయినది గొంతు మాత్రమే యనుకొనకుడు. ఆధారు నకళ్లు, బ్యాంకు కాగితములు, పిల్లల ఫొటోలు సైతము ఆ పెట్టెతో పరుల చేతికి పోవును. చెరిపివేసినంతమాత్రమున డిస్కులోనిది పోదు, తెలిసినవాడు మఱల పైకి తీయగలడు. ఎవరికైన నీయవలసివచ్చినచో డిస్కును ఊడదీసి యింటనే యుంచుకొనుట మేలు.

పాఱవేసినది ఎక్కడికి పోవునన్నదియు ఆలోచింపదగినదే. 2022లో లోకమంతటను పోగైన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితివారి లెక్క. అందులో సక్రమముగా సేకరించి శుద్ధిచేసినది నూటికి 22 పాళ్లకు కొంచెము పైన. మన దేశమున ఢిల్లీలోని సీలంపూరు వంటిచోట్ల రాగితీగెలకై వీనిని కాల్చి, ఆమ్లములలో ముంచి, పొట్టపోసికొనువారు కలరు. 2023 ఏప్రిలు 1 నుండి అమలైన చట్టము ప్రకారము ఉత్పత్తిదారులే ఈ చెత్తకు బాధ్యులు.

చివరకు మా ఆడబిడ్డ యేమి చేసెనన్న, ఆ సంవత్సరపు గడువులో ఉచితపు దారిని చేరెను. చిట్టాలో చిరునామా చేరుట తనకు పట్టింపు లేదనెను. పచ్చళ్ల పెట్టెలమీద నెటులును అచ్చువేయుచునే యున్నదట! యంత్రము నెమ్మదించియుండగా పాత డిస్కు తీయించి ఎస్ఎస్‌డి వేయించిరి. దానికి మూడువేల చిల్లర అయినది. పిల్ల పెన్‌డ్రైవులో లినక్సు నడిపి చూచినది. వ్రాతపని, లెక్కలు సరిపోయినవి, బిల్లులు కొట్టు చిన్న కార్యక్రమము మాత్రము పలుకలేదు. ఆ బిల్లులను గడువు తీరులోపల లిబ్రేఆఫీసులోనికి మార్చుట పిల్లకు అప్పగించిరి. చీటీసొమ్ము నవంబరు మొదటివారముననే కళాశాలకు చేరినది.

క్రొత్తది కొనవలసివచ్చువారు వెలకన్న ముందుగా అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: "దీనికి ఏ సంవత్సరము వఱకు మరమ్మతులు వచ్చును?" ఫోనులలో కొందఱు దీనికి బదులు చెప్పుట మొదలుపెట్టిరి. గూగుల్ వారు 2023లో పిక్సెల్ 8కును, సామ్‌సంగ్ వారు 2024లో గెలాక్సీ ఎస్ 24కును ఏడేండ్లని మాటయిచ్చిరి. చవుక ఫోనులకు ఇంత కాలము సాధారణముగా నుండదు. ఐరోపాలో 2025 జూన్ 20 నుండి, ఒక ఫోను అమ్మకము నిలిపినది మొదలు అయిదేండ్లయినను మరమ్మతు లీయవలెనని చట్టమైనది.

ఈ ప్రశ్నను నేను ఆడబిడ్డకు నేర్పితిని. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆమె నవ్వుచు చెప్పినది: "వదినా, ఆ దుకాణమతడు పండుగ తగ్గింపు అని మఱల ఫోను చేసెను. ఏ సంవత్సరము వఱకు మరమ్మతులు వచ్చునని యడిగితిని. కనుగొని చెప్పెదనమ్మా అని పెట్టివేసెను. పదిదినములయినది, ఇంకను కనుగొనుచునే యున్నాడు."