చేట, కుండ, కుక్కరు... ఒక ఫిజిక్సు పుస్తకం

ఫిజిక్సు అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది ఇంటర్మీడియెట్ పరీక్ష. ఆ తర్వాత గుర్తొచ్చేది పిల్లల ఎంట్రన్సు గైడు. ఇటుకంత లావున్న ఆ గైడుకు అట్టవెయ్యడం, దుమ్ము దులపడం, పరీక్షలయ్యాక పాతపేపర్లవాడికి తూకానికి వెయ్యడం, అంతవరకే మన పాత్ర. అంతేగానీ సాయంత్రం పూట కాఫీ కప్పు పక్కన పెట్టుకుని, నవల చదువుకున్నట్టు ఫిజిక్సు పుస్తకం చదవడమేమిటి, చోద్యం కాకపోతే! అంటారు మీరు. అనండి. కానీ అలా చదువుకునే పుస్తకాలున్నాయి. తెలుగులోనే ఉన్నాయి.

మేముండే సైనిక్‌పురిలో ఒక తమాషా ఉంది. ఇది మిలిటరీలో చేసి రిటైరైనవాళ్ళు ఇళ్ళు కట్టుకున్న కాలనీ. ఇటు నాలుగడుగులేస్తే ఏ.యస్. రావు నగర్. ఆ రావుగారు ఎవరనుకున్నారు? పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు. అణుశక్తి శాఖలో పనిచేసి, 1967లో మొదలైన ఇ.సి.ఐ.ఎల్.కు ప్రాణం పోసిన శాస్త్రజ్ఞుడు. ఆ దగ్గర్లోనే అణు రియాక్టర్లకు ఇంధనం తయారుచేసే ఎన్.ఎఫ్.సి. అంటే మనం కూరలు కొనుక్కొచ్చే దారిలోనే బోలెడంత ఫిజిక్సు! మరి మన ఇళ్ళలోని పుస్తకాల అలమరలో? గైడ్లు తప్ప ఏముంటాయి చెప్పండి.

మా వీధిలో ఒకావిడ ఉన్నారు. డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా పెళ్ళయింది. చదువుతున్నది బి.యస్సీ., అందులోనూ ఫిజిక్సు మెయిను. పెళ్ళితో ఆ చదువు అటకెక్కింది. ఆ తర్వాత ఆయన ఉద్యోగం వెంట ఊళ్ళు తిరగడం, పిల్లలు, సామాన్లు కట్టడం, విప్పడం. కూతురు తొమ్మిదో క్లాసుకొచ్చాక ఒకరోజు లెక్క దగ్గర ఆగిపోతే, ఈవిడ దగ్గరికి వెళ్ళి, "ఏదీ, నన్ను చూడనీ" అన్నారట. "నీకు తెలీదులే అమ్మా, డాడీ వచ్చాక అడుగుతా" అంది ఆ పిల్ల. పాపం, ఆ పిల్లది దురుసుతనం కాదు. అమ్మకు ఫిజిక్సు వచ్చని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు, అంతే. ఆవిడ ఈ మాట నవ్వుతూనే చెప్పారు గానీ, వింటున్న నలుగురం ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేకపోయాం.

నిజానికి ఆవిడకు తెలిసినంత ఫిజిక్సు ఆ గైడుకు కూడా తెలీదని నా ఉద్దేశం. ఎందుకంటారా? లేహ్‌లో కాపురం చేసినవాళ్ళను అడగండి. అక్కడ మామూలు గిన్నెలో కందిపప్పు ఎన్ని గంటలు కాచినా పలుకు పలుకుగానే ఉంటుంది. లేహ్ సముద్రమట్టానికి 3,500 మీటర్ల ఎత్తున ఉంది. పైన గాలి బరువు తగ్గేసరికి నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. తెర్లుతున్న నీళ్ళే గానీ వేడి చాలదు! మన హైదరాబాదులో కూడా, బడిలో నేర్పినట్టు 100 డిగ్రీలకు కాదు, 98 దగ్గరే మరుగుతాయి. ఊరు 500 మీటర్లకు పైన ఎత్తులో ఉంది మరి. కుక్కరు చేసే పనల్లా ఆవిరిని బయటికి పోనివ్వకుండా ఒత్తిడి పెంచి, లోపలి నీళ్ళను 120 డిగ్రీల దాకా మరగకుండా ఆపడం. ఇది తెలిస్తే ఇంకోటి కూడా తెలుస్తుంది. కూర తెర్లడం మొదలెట్టాక మంట ఎంత పెంచినా నీటి వేడి పెరగదు, ఆవిరి మాత్రం ఎక్కువ పోతుంది. సిమ్‌లో పెట్టినా అదే ఉడుకు. గ్యాసు మిగులుతుంది.

మంచి ఫిజిక్సు పుస్తకం ఇక్కణ్ణుంచే మొదలవుతుంది. మన చేతికి ముందే తెలిసిన దాన్ని తీసుకుని, "ఇదిగో, ఇది ఎందుకిలా జరుగుతుందంటే..." అంటుంది.

తెలుగులో ఆ విద్య తెలిసినవాళ్ళలో మహీధర నళినీమోహన్‌గారిని ముందు చెప్పుకోవాలి. ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లేబరేటరీలో పనిచేసిన సైంటిస్టు. ఆయన పుస్తకాల పేర్లు చూడండి: పిడుగుదేవర కథ, క్యాలెండర్ కథ. విద్యుచ్ఛక్తి సూత్రాలు అంటే మనం అట్ట కూడా తియ్యం. పిడుగుదేవర కథ అంటే? ఉరుము వినగానే అర్జునుడి పేర్లు తలుచుకుని మంచం కిందికి దూరిన ప్రతివాడూ తీస్తాడు. కథ చెప్పే గొంతు ముందు, సూత్రం తర్వాత. 2005లో ఆయన పోయారు గానీ, ఆ పుస్తకాలు పిల్లలకి అంటూ అమ్ముతుంటే పెద్దలు కొనుక్కుని చదువుకునేవే.

కొడవటిగంటి రోహిణీప్రసాద్‌గారిది ఇంకో దారి. కుటుంబరావుగారి అబ్బాయి. ఆ తండ్రి కూడా ఫిజిక్సు చదివినవారే. ఈయన బొంబాయి బార్క్‌లో అణు శాస్త్రజ్ఞుడు, దానికి తోడు సితార్ వాయించేవారు. విశ్వాంతరాళం అనే పుస్తకంలో నక్షత్రాల గురించి, విశ్వం గురించి రాశారు. ఎక్కడా పాండిత్యం ఒలకపొయ్యరు. ఏమాటకామాట చెప్పుకోవాలి, నళినీమోహన్‌గారిలా నవ్వించరు. కానీ చదువుతుంటే పక్కన కూచుని నెమ్మదిగా చెబుతున్నట్టుంటుంది. 2012లో కన్నుమూశారు.

రష్యావాళ్ళు తెలుగులో అచ్చేసి పంపిన పుస్తకాలు కొందరికైనా గుర్తుండే ఉంటాయి. గట్టి అట్ట, తక్కువ ధర, విశాలాంధ్ర షాపులో దొరికేవి. వాటిలో పెరెల్మాన్ ఒకడు. 1913లోనే సరదా ఫిజిక్సు పుస్తకం రాసి లోకమంతా పేరు తెచ్చుకున్న ఆ మనిషి, 1942లో లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో తిండిలేక చనిపోయాడు. సోవియట్ యూనియన్ 1991లో పోవడంతో ఆ పుస్తకాల రాకా ఆగిపోయింది.

ఇక ఇంగ్లీషులో 1988లో వచ్చిన హాకింగ్ పుస్తకం సంగతి అందరికీ తెలిసిందే. ఒక్కో సమీకరణం పెడితే అమ్మకాలు సగానికి సగం పడిపోతాయని ఎవరో భయపెట్టారట. అందుకని ఆయన ఒక్కటే ఉంచాడు, ఐన్‌స్టీన్‌ది. కొన్నవాళ్ళందరూ చివరిదాకా చదివారా అంటే, డ్రాయింగు రూముల్లో దాని మడత నలగని వీపు చూసి మీరే చెప్పండి. సమీకరణాలు తీసేసినంత మాత్రాన పుస్తకం సులువైపోదు.

అలాగని తెలుగులో ఉంటే చాలు సులువే అనుకోకండి. జడత్వం, త్వరణం, ద్రవ్యవేగం... ఈ మాటలు ఇంగ్లీషు మాటలకంటే ఏం తక్కువ తిన్నాయి? సిటీ బస్సు సడన్ బ్రేకు వేస్తే నిలబడ్డ మనం ముందుకు తూలి ఎవరి ఒళ్ళోనో పడబోతామే, అదీ జడత్వం. ఉతికిన చీరను గట్టిగా విదిలిస్తే గుడ్డ ఆగిపోయి నీటిచుక్కలు ముందుకెళ్ళిపోతాయే, అదీ జడత్వమే. ముందు ఈ ముక్క చెప్పి, తర్వాత ఆ పేరు చెబితే గుర్తుంటుంది.

చేట తీసుకోండి. బియ్యం చెరిగితే గింజ చేటలోనే పడుతుంది, ఊక ఎగిరిపోతుంది. గింజ బరువు కనక త్వరగా పడిందంటాం. కాదు, మధ్యలో గాలి అడ్డుపడి ఊకను ఆపింది. 1971లో అపోలో 15లో చంద్రుడి మీదికి వెళ్ళిన డేవిడ్ స్కాట్, ఒక చేతిలోంచి సుత్తినీ, ఇంకో చేతిలోంచి డేగ ఈకనూ ఒకేసారి వదిలితే రెండూ ఒకేసారి నేలను తాకాయి. అక్కడ గాలి లేదు కదా. అంటే చంద్రుడి మీద మన చేట పనికిరాదన్నమాట!

మట్టికుండా అంతే. బయటికి ఊరిన నీటిలో ఒక్క గ్రాము ఆవిరైతే, దాదాపు 580 గ్రాముల నీటిని ఒక డిగ్రీ చల్లబరిచేంత వేడిని పట్టుకుపోతుంది. మన పొడి ఎండలకు కుండ నీళ్ళు అంత చల్లగా ఉండి, విశాఖపట్నం ఉక్కపోతలో ఉండకపోవడం కుండ తప్పు కాదు. అక్కడి గాలిలో తేమ ముందే నిండి ఉంటే ఆవిరి ఎక్కడికి పోతుంది?

ఈ పుస్తకాల వల్ల ఒరిగేదేమిటి అంటారేమో. 1980 ఫిబ్రవరి 16న మన వైపు సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఉస్మానియావాళ్ళ జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రజ్ఞులు పరికరాలు బిగించుకుని చూస్తుంటే, ఇళ్ళలో తలుపులు బిగించారు. కడుపుతో ఉన్నవాళ్ళని కదలొద్దు, కత్తిపీట ముట్టొద్దు, గోరు గిల్లొద్దు అని చీకటి గదిలో కూచోబెట్టారు. ఇప్పటికీ కూచోబెడుతున్నారు. గ్రహణమంటే చంద్రుడి నీడ. తలుపేసినా నీడే, తీసినా నీడే. ఫిల్టరు లేకుండా సూర్యుణ్ణి చూస్తే కళ్ళు పోతాయి, ఆ జాగ్రత్త మాత్రం మగా ఆడా అందరికీ కావాలి. ఈ రెండు ముక్కలూ అత్తగారికి మెల్లగా చెప్పగలగాలంటే, కోడలికి ముందు ధైర్యంగా తెలిసుండాలి కదండీ.

ఇదేం కొత్త ఆలోచన కాదు. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి, భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలను తెలుగులో పుస్తకాలుగా వేయించిన కొమర్రాజు లక్ష్మణరావుగారు పెరిగింది అక్కగారింట్లో. ఆ అక్క భండారు అచ్చమాంబ. బడికి పోలేదు. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూచుని నేర్చుకుని, స్త్రీల చరిత్రలు రాసేంత అయింది. మండలి పుట్టకముందే, 1905లో పోయింది. ఆ పుస్తకాలు ఆవిడ చేతికి వెళ్ళుంటే బాగుండేదని నాకెప్పుడూ అనిపిస్తుంది.

మా వీధి ఆవిడకు నళినీమోహన్ పుస్తకాలు రెండు ఇచ్చాను. వారం రోజుల్లో చదివేసి, మూడోది అడిగారు. కూతురితో ఏమైందో నేనడగలేదు. దొరికే చోటంటే, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాతు మీద పాతవి వెతుక్కోవచ్చు. తార్నాకలోని మంచి పుస్తకం వాళ్ళ దగ్గర పిల్లల సైన్సు పుస్తకాలుంటాయి. శాఖా గ్రంథాలయంలో అడిగితే వెనక బీరువాలోంచి తీసిస్తారు, కాస్త ఓపిక పట్టాలి.

అన్నట్టు, రేపు దోసెలు పోసేముందు పెనం మీద నాలుగు నీటిచుక్కలు చల్లి చూడండి. చుయ్‌మని అక్కడికక్కడే ఆవిరైపోతే సరిపడా కాలినట్టు. ముత్యాల్లా గుండ్రంగా అయి పరుగులు తీశాయా, మరీ కాలిపోయింది. కింద తన ఆవిరే పరుపులా ఏర్పడి చుక్కను పెనానికి అంటకుండా మోస్తుంది. లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ డాక్టరు 1756లో దీని గురించి రాశాడు. అప్పుడు పిండి వేశారంటే గరిటెకు చుట్టుకుని వచ్చేస్తుంది. ఇంకాసిని నీళ్ళు చల్లి, ఉల్లిపాయ చెక్కతో తుడిచి, అప్పుడు పొయ్యండి.